తొమ్మిది రావాలంటే ఇరవై

నా జీవితంలో నేను ఒకే ఒక్కసారి ఇంజనీరునయ్యాను. ఆ ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. సరిగ్గా పదకొండు రోజులు చేశాను. ఆ పదకొండు రోజుల్లో నా కడుపును ఫుట్‌బాలు చేసుకున్నాను, ముక్కును ప్రెషర్ కుక్కరు చేసుకున్నాను, చివరికి ఒక షిఫ్టు మనుషుల ఊపిరి మీదికి తెచ్చాను. నవ్వుకుంటూ చదవండి, నేనూ నవ్వుతూనే చెబుతాను. మధ్యలో ఒకచోట మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు. అక్కడికొచ్చాక మీరు కూడా నాతోపాటు కాస్త ఆగితే సంతోషిస్తాను.

నా పేరు ఓదెలు. గోదావరిఖనిలో ఒక భూగర్భ గని మీద ఫ్యాన్ ఆపరేటరుని. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయిలోకి దిగినవాళ్ళకు గాలి కావాలి కదా, ఆ గాలిని ఆడించే పెద్ద ఫ్యాను నేల మీద ఉంటుంది, దాని పక్కన చిన్న గదిలో నేనుంటాను. గోడకు ఒక వంపు గాజు గొట్టం, అందులో రంగునీళ్ళు. ఫ్యాన్ ఎంత గట్టిగా లాగితే ఆ నీళ్ళు అంత ఎత్తు లేస్తాయి. గంటగంటకూ ఆ ఎత్తు చూసి రిజిస్టరులో రాయడం నా పని. ఇరవై ఏళ్ళు రాశాను. అంచేత గాలి గురించి, ఒత్తిడి గురించి ఈ భూమ్మీద నాకంటే తెలిసినవాడు ఇంకా పుట్టలేదన్న నమ్మకం నాలో బాగా ముదిరిపోయింది.

తెలంగాణ ఇంకా రాలేదు. దానికోసం చేసిన సమ్మె అయిపోయి బాయిలు మళ్ళీ నడుస్తున్న రోజులు. అప్పుడు నాకొక జబ్బు బయటపడింది. జబ్బంటే జ్వరమూ కాదు, నొప్పీ కాదు. నిద్ర. మంగలి షాపులో గడ్డానికి సబ్బు పూస్తుండగా నిద్ర. పెళ్ళిలో అక్షింతలు చేతిలో పట్టుకుని నిద్ర. ఒకసారి రైలు గేటు దగ్గర స్కూటరు ఆపి, గేటు ఎత్తాక కూడా అలాగే కూర్చుండిపోయాను. వెనక లారీవాడు హారన్ కొడితే, "ఆగు, టైమైతే నేనే లేస్త" అన్నానట.

నా భార్య రాజేశ్వరి నన్ను కరీంనగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. రోగిని నేను, మాట్లాడింది ఆమె.

"గురక పెడ్తడు మేడం. పెట్టి పెట్టి ఒక్కసారి బంద్ అయితది. ఊపిరి గుడ బందే. నేను లెక్కపెడ్త. ఇరవై దాంక పోతది ఒక్కోపారి. గప్పుడు గట్టిగ నూకుత. బావిలకెళ్ళి తేలినోని లెక్క బుస్సుమని గాలి గుంజుకుంటడు, మల్ల షురూ."

"నువ్వు పండుకోవా ఏంది, లెక్కపెట్టుకుంట కూసుంటవా?" అన్నాను నేను, డాక్టరమ్మ ముందు పరువు పోతోందని.

రాజేశ్వరి నావైపు చూసింది. ఆ చూపును నేను ఆరోజు చదవలేదు. గాజు గొట్టంలో నీళ్ళయితే చదివేవాణ్ణి.

ఒక రాత్రంతా ఒంటికి తీగలు తగిలించి పరీక్ష చేశారు. నిద్రలో నా గొంతు మూసుకుపోతోందట. గంటలో ఎన్నిసార్లు మూసుకుపోతోందో చెబితే రాజేశ్వరి "నేను లెక్కపెట్టింది తక్కువనే" అంది. మందు ఏంటంటే ఒక యంత్రం. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దాని నుంచి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకు తొడుగు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకున్నా సరే, కన్ను మూస్తే తొడుగు ఉండాల్సిందే. అది గాలిని మెల్లగా నెడుతుంటే గొంతు తెరుచుకుని ఉంటుంది.

"ఒత్తిడి తొమ్మిది పెట్టాం. తొమ్మిది సెంటీమీటర్ల నీళ్ళు" అంది డాక్టరమ్మ.

నేను పకపకా నవ్వాను. "మేడం, నా ఫ్యాను ఏడు సెంటీమీటర్లతోటి బాయి మొత్తానికి గాలి ఇస్తది. కిలోమీటర్ల కొద్ది సురంగాలు. నా ఒక్క ముక్కుకు తొమ్మిదా?"

ఆమె కూడా నవ్వింది. "మీ గొంతు మీ బాయి కంటే మొండిది ఓదెలు గారూ. మూడు వారాలు వాడి రండి. సెట్టింగులు మాత్రం ముట్టుకోకండి."

ముట్టుకోవద్దని చెప్పకపోతే ఆ యంత్రానికి సెట్టింగులు ఉంటాయని నాకు తెలిసేదే కాదు. ఇందులో కొంత తప్పు డాక్టరమ్మది కూడా అని నేను చాలా రోజులు వాదించాను. ఎవరూ ఒప్పుకోలేదు.

మొదటి వారం బుద్ధిగా వాడాను. ఫలితం చెప్పాలంటే, మంగలి నన్ను గుర్తుపట్టలేదు. కళ్ళు తెరిచి గడ్డం గీయించుకున్న ఓదెలును అతను అంతకుముందు చూడలేదు. స్కూటరు మీద రైలు గేటు దాటాను. ఫ్యాన్ గదిలో ఎనిమిది గంటలూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు.

రెండో వారం రాత్రి షిఫ్టు. పొద్దున ఇంటికొచ్చి, తిని, తొడుగు పెట్టుకుని మంచం మీద వాలాను. ఆరోజు ఎందుకో వెంటనే నిద్ర పట్టలేదు. గాలి పలచగా వస్తున్నట్టు అనిపించింది. తల తిప్పి యంత్రం మీది చిన్న తెర చూశాను. అందులో నాలుగు అని ఉంది.

నాలుగు! తొమ్మిది రాసి నాలుగు ఇస్తోంది!

లేచి కూర్చున్నాను. నా ఫ్యాన్ గదిలో నీళ్ళు దిగితే ఏం చేస్తాను? ఫోర్‌మన్‌కు ఫోన్ చేస్తాను. ఇక్కడ ఫోర్‌మన్ ఎవరు? నేనే. కాగితం కూడా అవసరం లేకుండా లెక్క వేశాను. తొమ్మిది అడిగితే నాలుగు వస్తోంది. మరి తొమ్మిది రావాలంటే ఎంత అడగాలి? మీరు కూడా వేసి చూడండి. ఇరవై వస్తుంది. లెక్కలో తప్పు లేదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మొత్తం వ్యవహారంలో నేను తప్పు చేయనిది అదొక్కటే.

యంత్రం మీద ఏ గుండీ నొక్కినా ఒత్తిడి కనిపించలేదు. చివరికి రెండు గుండీలు కలిపి కాసేపు నొక్కిపట్టేసరికి డాక్టర్ల కోసం దాచిపెట్టిన తలుపు తెరుచుకుంది. తొమ్మిదిని తిప్పి తిప్పి ఇరవై చేశాను. అంతకుమించి తిరగలేదు. తిరిగితే తిప్పేవాణ్ణి.

వంటింట్లోంచి రాజేశ్వరి వచ్చింది. "ఏం చేస్తున్నవయ్యా దానితోటి?"

"రిపేరు."

"మేడం ముట్టుకోవద్దన్నది గద."

"గాలి సంగతి నాకు చెప్తవా? ఇరవై ఏండ్లసంది ఫ్యాన్ నడుపుతున్న."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను పడుకున్నాను. తెర మీద మళ్ళీ నాలుగే. దొంగ మిషన్ అనుకుంటూ నిద్రపోయాను.

నాకు అప్పుడు తెలియని ముక్క ఒకటుంది. మెలకువగా ఉన్న మనిషి ముఖం మీద ఒక్కసారిగా గాలి కొడితే నిద్ర పట్టదని, యంత్రం నాలుగుతో మొదలుపెట్టి, ముప్పావు గంటలో మెల్లమెల్లగా ఎక్కుకుంటూ తొమ్మిదికి చేరుతుంది. అంటే నేను చూసింది ఆ మెట్లలో మొదటి మెట్టు. ఇప్పుడు దాని మెట్లు ఇరవై దాకా ఉన్నాయి. అది తన పని తాను చేసుకుంటూ ఎక్కుతోంది. నేను గురక లేకుండా, పాపం పుణ్యం తెలియకుండా నిద్రపోతున్నాను.

తర్వాత జరిగింది నా బావమరిది సమ్మయ్య చెబితేనే నాకు తెలుసు. సమ్మయ్య రాజేశ్వరి తమ్ముడు, అదే బాయిలో లోపల పైకప్పుకు దిమ్మెలు నిలిపే పని. ఆరోజు వారాంతపు సెలవని పదకొండింటికి అక్కను చూడ్డానికి వచ్చాడు.

"అక్కా, కుక్కర్ మాడుతున్నట్టున్నది, దించరాదు."

"కుక్కర్ పెట్టలేదురా."

"మరి విజిల్ యాడికెళ్ళి వస్తంది?"

ఇద్దరూ గదిలోకి వచ్చారట. తొడుగు ఒక పక్క లేచి ముక్కు మీంచి కూత పెడుతోంది. నా బుగ్గలు గాలికి జెండాల్లా కొట్టుకుంటున్నాయి. మీసం వెనక్కి దువ్వినట్టు పడుకుంది. కడుపు మాత్రం నెమ్మదిగా, దర్జాగా పైకి లేస్తోంది.

"అక్కా, బావ ఉబ్బుతుండు!"

"జల్ది బంద్ చెయ్యిరా!"

సమ్మయ్య ఏ గుండీ నొక్కాలో తెలియక తీగ పీకేశాడు. నేను లేచి కూర్చుని ఏదో అనబోయాను. నోట్లోంచి మాట రాలేదు. తేన్పు వచ్చింది. అది మొదలు. పక్క క్వార్టరు అవ్వ గోడ మీంచి తొంగి చూసి "ఎవరికేమైందే?" అని అడిగింది. నేను సమాధానంగా ఇంకొకటి వదిలాను. రాత్రి డ్యూటీకి బయలుదేరేదాకా ఆగలేదు. సమ్మయ్య గడప మీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"బావా, బాయిల గాలి తక్కువైతే నిన్నే లోపటికి దింపుతం. మస్తు స్టాకు ఉన్నది."

బుద్ధి ఉన్నవాడయితే యంత్రాన్ని సంచిలో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కేవాడు. నేను ఆలోచించాను. నేను ఆలోచించినప్పుడల్లా నష్టమే. నాలుగు చూపించినప్పుడు హాయిగా నిద్ర పట్టింది. ఇరవైకి పోతే పేలిపోయేవాణ్ణి. కాబట్టి నాకు సరిపోయేది నాలుగే. డాక్టరమ్మ తొమ్మిది అనడం పొరపాటు. పెద్ద చదువులు చదివినా ఫ్యాన్ నడపలేదు కదా, ఆమె మాత్రం ఏం చేస్తుంది? అలా క్షమించి, గుండీలు నొక్కి నాలుగు పెట్టాను.

ఎంత సుఖం! కూత లేదు, తేన్పు లేదు, బుగ్గలు ఎక్కడివక్కడ ఉన్నాయి. డ్యూటీలో కనిపించినవాడికల్లా చెప్పాను, డాక్టరు తొమ్మిది అంటే నేను నాలుగుతో నడిపిస్తున్నానని. సగం కంటే తక్కువ ఒత్తిడితో ఊపిరి నడిపిన మొదటి మనిషిగా కంపెనీ నాకొక బిళ్ళ ఇవ్వాలన్నంత వరకూ పోయాను.

నాలుగైదు రోజులకు రాజేశ్వరి అంది. "అయ్యా, మల్ల ఊపిరి బంద్ అవుతున్నది నీకు."

"ముక్కుకు మిషన్ ఉండంగ ఎట్ల బంద్ అయితది? నీకు అనుమానం."

"అనుమానం కాదు. నేను చూస్తున్న గద."

"చూసుడు బంద్ చెయ్యి, పండుకో."

ఇక్కడే మీరు నాతోపాటు ఆగాల్సింది.

తర్వాతి వారం రెండో షిఫ్టు. అంటే మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు. అన్నం తిని డ్యూటీ ఎక్కాను. నాలుగింటికి గొట్టంలో నీళ్ళు చూశాను, రిజిస్టరులో రాశాను. అది నాకు గుర్తుంది. తర్వాత గుర్తున్నది ఫోర్‌మన్ నా భుజాలు పట్టుకుని ఊపడం. గదంతా గంట మోగుతోంది. గంట వినిపించడానికంటే ముందు నాకు ఇంకొకటి తెలిసింది. ఫ్యాన్ చప్పుడు లేదు. ఇరవై ఏళ్ళుగా నా చెవుల్లో ఉన్న హోరు లేదు. గాజు గొట్టంలో రంగునీళ్ళు రెండు వైపులా సమానంగా, నిమ్మళంగా నిలబడి ఉన్నాయి.

"ఓదెలూ! కరెంటు ఊగి ఫ్యాన్ ట్రిప్పయి నాలుగు నిమిషాలైంది! గంట మోగుతాంటే నిద్రపోతున్నవా?"

చేతులు వాటంతటవే పనిచేశాయి. స్విచ్చులు వేశాను, ఫ్యాన్ అందుకుంది, నీళ్ళు మళ్ళీ లేచాయి. ఫోర్‌మన్ లోపలికి ఫోన్ చేశాడు. గాలి ఆగిందని గమనించి, లోపల షిఫ్టును చూసుకునే ఓవర్‌మన్ అందరినీ పని ఆపించి బయటికొచ్చే దారి మీదికి తెచ్చాడట. ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగు నిమిషాలకు మనుషులు పోరు. నలభై నిమిషాలయితే ఏమయ్యేదో మీకు చెప్పనక్కర్లేదు, ఆ గంట నన్ను నలభై నిమిషాలకైనా లేపేదని నాకు నమ్మకం లేదు. ఆ షిఫ్టులో లోపల సమ్మయ్య ఉన్నాడు.

షిఫ్టు దిగి పైకొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే నా ముందు నుంచి పోతున్నారు. బొగ్గు ముఖాలు, నెత్తి మీద లైట్లు. సమ్మయ్య నా దగ్గర ఆగాడు.

"ఏంది బావా, కరెంటు పోయిందట?"

అవునంటే అక్కడితో అయిపోయేది. ఫోర్‌మన్ మంచివాడు, కరెంటు సంగతే రాసి ఊరుకునేవాడేమో.

"కరెంటు పోయింది నిజమే. కానీ నేను నిద్రపోయిన సమ్మయ్యా. గంట మోగినా లేవలే."

అతను నవ్వలేదు. "చెంపకు గాలి తగుల్త లేదు బావా లోపట. పక్కన ముసలి కార్మికుడు దేవునికి మొక్కుకుంటుండు. నేనైతే మా బావ ఉన్నడు మీద, ఫికర్ లేదు అన్న."

అంతే అని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫోర్‌మన్‌కు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. డాక్టరు నుంచి కాగితం తెచ్చేదాకా ఫ్యాన్ గదిలోకి రావద్దన్నాడు. ఇంటికొచ్చి రాజేశ్వరికి చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వు నాలుగు పెట్టిన కాన్నుంచి నేను మల్ల లెక్కపెడుతున్న. పదిహేను దాటితే నూకుతున్న. ఆ ఒక్క వారం, తొమ్మిది ఉన్నప్పుడు, నూకే పని పడలే. పండుకున్న. అట్ల పండుకుని ఎన్నేండ్లయిందో. పొద్దున లేస్తే నా ఒళ్ళు నాకే కొత్తగ అనిపించింది."

"మరి గట్టిగ చెప్పకపోయినవ్?"

"చెప్పిన. గాలి సంగతి నీకు తెల్సన్నవ్."

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. బాయిలో ఉన్నవాళ్ళ గాలిని నేను గంటకోసారి చూసుకున్నాను, దానికి జీతం తీసుకున్నాను. నా గాలిని ఈమె నిమిషానికోసారి చూసుకుంది. రిజిస్టరు లేదు, షిఫ్టు మార్పు లేదు, సెలవు లేదు. పైగా నేను ఆమెను కరీంనగర్‌లో డాక్టరమ్మ ముందు దబాయించాను.

మర్నాడే డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. ఇంత జరిగాక కూడా నా నోరు ఊరుకుందా? ఊరుకోలేదు.

"మిషన్ ఎలా ఉంది ఓదెలు గారూ? సెట్టింగులు ఏమన్నా ముట్టుకున్నారా?"

"నేనా? లేదు మేడం. దుమ్ము తుడిచిన, గంతే."

ఆమె యంత్రం పక్క నుంచి గోరంత కార్డు ఒకటి బయటికి తీసి కంప్యూటరులో పెట్టింది. తెర మీద గీతలు వచ్చాయి.

"దుమ్ము బాగానే తుడిచినట్టున్నారు. ఫలానా రోజు ఉదయం ఒత్తిడి తొమ్మిది నుంచి ఇరవైకి ఎక్కింది. ఆ మధ్యాహ్నం నాలుగుకు దిగింది. అప్పటి నుంచి రోజూ గంటకు ముప్పైసార్లు ఊపిరి ఆగింది."

ఆ డబ్బాకు నాకంటే మంచి రిజిస్టరు ఉందని నాకేం తెలుసు! రాజేశ్వరి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో చెప్పలేను. నేను మొత్తం కక్కేశాను. తెర మీద నాలుగు చూడడం, లెక్క, ఇరవై, సమ్మయ్య తీగ పీకడం, ఫ్యాన్ ఆగడం. ఇరవై దగ్గర నవ్విన డాక్టరమ్మ ఫ్యాన్ దగ్గర నవ్వు ఆపేసింది.

"చూడండి, తొమ్మిది నేను చెప్పిన అంకె కాదు. పరీక్ష రోజు మీరు తొడుగుతో నిద్రపోతుంటే, మా దగ్గర పరీక్షలు చేసే అమ్మాయి పక్క గదిలో కూర్చుని ఒత్తిడిని ఒక్కో గీతే పెంచుకుంటూ పోయింది. అయిదు దగ్గర మీ ఊపిరి ఆగింది, ఏడు దగ్గరా ఆగింది, తొమ్మిది దగ్గర ఆగడం మానేసింది. ఆ అంకె చెప్పింది మీ గొంతే. ఎక్కువయితే గాలి కడుపులోకి పోతుంది, తక్కువయితే గొంతు మూసుకుంటుంది. ఇబ్బందిగా ఉంటే నన్ను అడగండి, మారుద్దాం. ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు, మీ అంకె మీరు ఊహించినా పనికిరాదు."

ఆమె మళ్ళీ తొమ్మిది పెట్టింది. ఆ మెట్ల సంగతి బొమ్మ గీసి చూపించింది. రెండు వారాలు చూసి, గీతలు బాగుంటేనే డ్యూటీకి కాగితం ఇస్తానంది. ఇచ్చింది. ఆ రెండు వారాలూ నా బదులు ఇంకొకరు ఫ్యాన్ చూసుకున్నారు. గాలి ఏమాత్రం తగ్గలేదట. అది విని కొంచెం బాధపడ్డాను కూడా.

కరీంనగర్ నుంచి ఇంటికొచ్చిన రెండో రోజు మధ్యాహ్నం. అన్నం తిని, తొడుగు పెట్టుకుని గంటన్నర పడుకున్నాను. లేచేసరికి ఇంట్లో ఏదో మోత. ముందు యంత్రాన్ని అనుమానించాను. ఆపేశాను. మోత ఆగలేదు. ఫ్యాన్ బేరింగు అరిగినప్పుడు అలాంటి చప్పుడు వస్తుంది. వెతుక్కుంటూ ముందు గదిలోకి పోయాను. చాప మీద రాజేశ్వరి. చెయ్యి ఒకవైపు, కొంగు ఒకవైపు, నోరు కాస్త తెరుచుకుని, నిద్ర. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు ఆమె గురక మొదటిసారి విన్నాను. నిద్రపోతే కదా వినిపించడానికి.

నాకు భయం వేసింది. పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఒకటి, రెండు. ఊపిరి వచ్చింది. మళ్ళీ ఒకటి, రెండు. మళ్ళీ వచ్చింది. ఎక్కడా ఆగలేదు. అది ఉత్త అలసట గురక, ఏళ్ళ తరబడి పోగుపడింది. అయిదింటిదాకా అలాగే కూర్చున్నాను. సమ్మయ్య తలుపు కొడితే వేలు పెదవి మీద పెట్టుకుని లోపలికి రమ్మన్నాను. అతను అక్క వైపు చూసి, నావైపు చూసి, చెవిలో అడిగాడు.

"బావా, అక్కకు ఎంత పెట్టినవ్?"

అందుచేత, నేను, ఫ్యాన్ ఆపరేటర్ ఓదెలును, మంగలి షాపు సాక్షిగా, రైలు గేటు సాక్షిగా, పక్క క్వార్టరు అవ్వ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ యంత్రం మీదా రెండు గుండీలు కలిపి నొక్కను. ఎవరి ముక్కుకూ, ముఖ్యంగా నా ముక్కుకు, లెక్కలు వేయను. భార్య "ఊపిరి బంద్ అవుతున్నది" అంటే, నేను ఎంత హుషారుగా ఊపిరి పీలుస్తున్నా సరే, అవుతోందనే ఒప్పుకుంటాను. ఆమె గురకను మాత్రం తగ్గించమని ఏ డాక్టరూ నన్ను అడగకూడదు. అది ఎంత పెరిగితే నాకు అంత నిద్ర పడుతుంది.